బొక్క అతికేదాకా నొప్పి గోలి ఎన్నాళ్లు?

మీ కాలో చెయ్యో విరిగింది. వరంగల్ ఎంజీఎంలోనో జనగామ జిల్లా దవాఖానలోనో ఎక్స్‌రే తీసి, ఎముక సరిచేసి, సిమెంటు పట్టీ వేసి పంపించారు. జఫర్‌గఢ్‌లో ఆటో దిగి ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. చేతిలో మందుల కవరు, అందులో నాలుగు రకాల గోలీలు. ఏది దేనికో షాపాయన చెప్పే ఉంటాడు. ఆ నొప్పిలో మీ చెవికెక్కింది మాత్రం ‘పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి’ అన్న ముక్కే.

తెల్లారి పలకరించడానికి నలుగురొస్తారు. “నొప్పి గోలీలు బాగ మింగకు, బొక్క అతకది” అంటుంది ఒక పెద్దమ్మ. “గంత నొప్పి ఓర్సుకునుడెందుకు? ఆర్‌ఎంపీ సారుతోని ఒక సూది ఏయించుకోరాదు” అంటాడు పక్కింటి తమ్ముడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. ఎంత ఉందో తేల్చుకుంటే మీ భయమూ తగ్గుతుంది, గోలీలూ తగ్గుతాయి. అయితే ముందే ఒక మాట: మీ ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి. ఆయనకు మీ ఎముక తెలుసు, నాకు తెలియదు.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఎముక విరిగిన చోట నెత్తురు గడ్డకట్టి, వాపు వస్తుంది. ఆ వాపు దండగ కాదు, అతుకు పని మొదలయ్యేది అక్కడే. దెబ్బ తగిలిన చోట పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఊళ్లో డప్పు చాటింపు వేసినట్టు ‘ఇక్కడ పని ఉంది, రండి’ అని కణాలను పిలుస్తాయి. చిక్కేమిటంటే మీకు నొప్పి తెలిసేదీ ఆ డప్పుతోనే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి గోలీలు డప్పునే ఆపుతాయి. నొప్పి తగ్గుతుంది, పిలుపూ తగ్గుతుంది. ఆస్పిరిన్ జాతి మందులు ఇలా పనిచేస్తాయని జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1971లో చూపించాడు. 1982లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు.

మరి పెద్దమ్మ చెప్పినట్టు బొక్క నిజంగానే అతకదా? ఎలుకల్లో ఆ మాట నిజమే. 2002లో జరిగిన ప్రయోగాల్లో ఈ మందులు తిన్న ఎలుకల ఎముకలు ఆలస్యంగా అతికాయి, కొన్నింటికి అసలు అతకలేదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క అంత సాఫీగా లేదు. 2000లో ఇంగ్లండ్ డాక్టర్లు తొడ ఎముక విరిగినవాళ్లను పరిశీలించారు. అతకని 32 మందిలో ఈ గోలీలు వాడినవాళ్లు, అతికిన 67 మందిలో కంటే చాలా ఎక్కువగా కనిపించారు. 2003లో అమెరికాలో మరో లెక్క తేలింది. తుంటి గిన్నె విరిగిన రోగులకు ఆరు వారాలు ఇండోమెథాసిన్ ఇస్తే, వాళ్లకే విరిగిన ఇతర పొడుగు ఎముకలు 26 శాతం మందిలో అతకలేదు. ఆ మందు వాడనివాళ్లలో అది 7 శాతమే.

ఇది చదివి కవరు చెత్తబుట్టలో వేయకండి. 2020లో దాదాపు 3 లక్షల 40 వేల విరుగుళ్ల రికార్డులు తిరగేస్తే మామూలు నొప్పి గోలీలతో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ‘కాక్సిబ్’ రకం గోలీలతో మాత్రం అతకని ముప్పు ఎక్కువగా ఉంది. విచిత్రం ఏమిటంటే, వాపుతో సంబంధం లేని మత్తు జాతి నొప్పి మందులు వాడినవాళ్లలోనూ ఆ ముప్పు ఎక్కువే కనిపించింది. అంటే గోలీ వల్ల అతకలేదా, అతకక నొప్పి ఆగకపోవడం వల్ల గోలీలు మింగుతూ పోయారా? రెండూ కలిసి ఉండొచ్చు.

నా తీర్పు ఇది. డాక్టరు రాసిన మోతాదులో కొద్ది రోజులు వాడితే భయపడాల్సిన పని లేదు. ఎవరూ చెప్పకుండా వారాల తరబడి కొనుక్కుని మింగడమే ప్రమాదం. మన ఊళ్లలో జరిగేది ఎక్కువగా ఈ రెండోదే కాబట్టి మిగతా అధ్యాయమంతా దాని గురించే.

1. స్ట్రిప్పు తిప్పి అసలు పేరు చదవండి

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మీకు కావలసింది వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. కళ్లు ఆనకపోతే చదువుకునే మనవరాలి చేతికివ్వండి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, నిమెసులైడ్, కెటోరోలాక్, పైరాక్సికామ్, ఎటోరికాక్సిబ్, సెలెకాక్సిబ్... వీటిలో ఏది కనిపించినా అది డప్పు ఆపే జాతిదే. పారాసెటమాల్ ఈ జాతిలోకి రాదు. నొప్పి తగ్గిస్తుంది గానీ విరిగిన చోట వాపును పెద్దగా కదిలించదు. అందుకే కొందరు ఎముకల డాక్టర్లు మొదట దాన్నే రాస్తారు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, కాస్త ఆగి చూద్దాం. ఒకాయనకు మణికట్టు విరిగింది. డాక్టరు జీరోడాల్-పి రోజుకు రెండు రాశారు. సాయంత్రం నొప్పి తగ్గలేదని ఇంట్లో ఉన్న డోలో 650 మొదలుపెట్టాడు, రోజుకు నాలుగు. మెడికల్ షాపులో అడిగితే కాంబిఫ్లామ్ ఇచ్చారు, అవి మూడు. ‘మూడు రకాలు కదా, మూడు పనులు చేస్తాయి’ అనుకున్నాడు. లెక్క వేయండి. జీరోడాల్-పిలో అసెక్లోఫెనాక్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది, రెంటికి 650. డోలో నాలుగింటికి 2,600. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తో పాటు 325 ఉంటుంది, మూడింటికి 975. మొత్తం 4,225 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 4,000 దాటకూడదు. బక్కగా ఉన్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు హద్దు ఇంకా కిందనే ఉంటుంది. పైగా ఒకే జాతి మందులు అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రెండూ కడుపులో పడ్డాయి. అలా కలిపితే నొప్పి రెట్టింపు తగ్గదు. కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ మాత్రం పెరుగుతాయి.

అందుకని డాక్టరు రాసినవి తప్ప ఇంట్లో మిగిలినవి కలపకండి. అత్తమ్మ మోకాళ్ల గోలీలు, కొడుకు పంటినొప్పికి తెచ్చి సగం వాడి పడేసినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

2. “ఏ రోజు ఆపాలె?” అని అడగండి

ఓపీలో వంద మంది లైన్లో ఉంటారు. డాక్టరు చీటీ రాస్తారు, మీరు బయటికొస్తారు. ఎన్నిసార్లు వేసుకోవాలో అడుగుతాం గానీ ఎప్పుడు ఆపాలో అడిగేవాళ్లు ఎంతమంది? అరనిమిషం పని ఇది:

“సారు, ఈ నొప్పి గోలి ఎన్ని దినాలు ఏసుకోవాలె?”

“అయిదు రోజులు.”

“ఆ తర్వాత గూడ నొప్పి లేస్తే?”

“పారాసెటమాల్ వేసుకో. దానికీ తగ్గకపోతే రా, చూస్తా.”

ఇంటికి రాగానే స్ట్రిప్పు మీద పెన్నుతో తారీఖు రాసేయండి. ఆ తారీఖు దాటాక స్ట్రిప్పులో గోలీలు మిగిలినా అవి మీవి కావు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఆ తారీఖు తర్వాతే. ఖాళీ స్ట్రిప్పు పట్టుకుని షాపుకెళ్లి “అన్నా, గివే ఇంకో పది ఇయ్యి” అంటారు. అన్న ఇస్తాడు. పది రోజుల తర్వాత మళ్లీ ఇంకో పది. ఇలా అయిదు రోజుల మందు యాభై రోజుల మందవుతుంది. ఇందులో డాక్టరు తప్పు లేదు, అలా జరుగుతోందని ఆయనకు తెలియనే తెలియదు. ఇండోమెథాసిన్‌తో 26 శాతం మందికి అతకలేదని పైన చదివారు కదా, వాళ్లు వాడింది ఆరు వారాలు.

3. గోలీకి ముందు చేయవలసినవి చేశారా?

విరిగిన ఎముకకు అన్నిటికంటే గొప్ప నొప్పి మందు అది కదలకుండా ఉండడమే. పట్టీ వదులైపోయి లోపల చెయ్యి ఆడుతుంటే ఎన్ని గోలీలు మింగినా నొప్పి తగ్గదు. వాపు దిగాక పట్టీ వదులవడం మామూలే. అప్పుడు వెళ్లాల్సింది మెడికల్ షాపుకు కాదు, పట్టీ వేసిన చోటికి.

మొదటి రెండు మూడు రోజులు ఆ కాలునో చేతినో గుండె కంటే ఎత్తులో ఉంచండి. మంచం మీద పడుకుని కాలి కింద ఒక్క మెత్త పెడితే సరిపోదు, రెండు మూడు పెట్టండి. చెయ్యి అయితే పగలంతా మెడకు వేలాడదీసి, రాత్రి పక్కన మెత్త మీద ఎత్తులో పెట్టండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి, పట్టీ తడవకుండా పైనుంచి పావుగంట సేపు రోజుకు నాలుగైదు సార్లు పెట్టవచ్చు. బయటున్న వేళ్లను గంటకోసారి ముడిచి చాపండి. కదిపితే బొక్క పక్కకు జరుగుతుందని భయపడి వేళ్లు బిగబట్టుకుంటారు చాలామంది. వేళ్లు కదలకపోతేనే వాపు నిలిచిపోతుంది, ఆ వాపుతో నొప్పి పెరుగుతుంది.

రాత్రిపూట నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. పగలు మనుషులు, మాటలు ఉంటాయి. రాత్రి ఏమీ ఉండవు. డాక్టరు ఒప్పుకుంటే రోజులో వేసుకునే గోలీని పడుకునే వేళకు సర్దుకోండి. కొత్త గోలీ అక్కర్లేకుండానే రాత్రి గడుస్తుంది.

4. సూది వేయించుకునే ముందు పేరు అడగండి

ఊళ్లో ఆర్‌ఎంపీలను తీసిపారేయడం నాకిష్టం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్లే. పడిన మనిషిని కదలకుండా కట్టి 108 పిలిపించి ఎంజీఎంకు పంపేదీ చాలాసార్లు వాళ్లే. కానీ “నొప్పి లేస్తుంది సారు” అనగానే పడే సూది గురించి మీకు తెలియాలి. అందులో డైక్లోఫెనాక్ ఉంటే, పొద్దున మీరు మింగిన గోలీకి అది రెండో మోతాదు అవుతుంది. దాంతో పాటు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపితే ఇంకా చిక్కు. స్టెరాయిడ్ వాపును మొదలంటా అణచేస్తుంది కాబట్టి హాయిగా అనిపిస్తుంది. అదే పనిగా వాడితే ఎముకలను పలచన చేస్తుంది. తుంటి కీలుకు నెత్తురు అందకుండా చేసి దాన్ని పాడు చేసే ప్రమాదమూ ఉంది. విరిగిన ఎముక అతకడానికి ఎదురుచూస్తున్న మనిషికి అది పనికిరాదు.

పేరు లేని పొట్లాల సంగతీ ఇంతే. తెల్లది, పచ్చది, సగం ముక్క ఎర్రది కలిపి కాగితంలో కట్టి ‘సెట్టు’ అని ఇస్తారు. స్ట్రిప్పు లేని గోలీకి పేరు లేదు, పేరు లేని గోలీని మీరు ఎవరికీ చూపించలేరు. మర్యాదగా అడగండి: “సారు, నాకు ఎంజీఎంల నొప్పి గోలి రాసిన్రు. ఈ సూది అదే మందా? స్టెరాయిడ్ ఉన్నదా ఇందుల?” ఆయన నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఆ సూది వద్దు.

5. ఈ నొప్పిని మాత్రం అణచకండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. పట్టీ వేసిన మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, గోలీ వేసుకున్నా లొంగకపోతే, వేళ్లు పక్కవాళ్లు మెల్లగా చాపినా ప్రాణం పోయినంత బాధగా ఉంటే, తిమ్మిరి పట్టినా, చల్లబడినా, రంగు మారినా, అది మామూలు నొప్పి కాదు. లోపల కండరాల్లో ఒత్తిడి పెరిగి నెత్తురు ఆడడం లేదని అర్థం. దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గంటల్లో కండ చచ్చిపోతుంది. అప్పుడు ఇంకో గోలీ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవడమే పెద్ద తప్పు. అర్ధరాత్రయినా 108 కి ఫోన్ చేయండి.

పట్టీ లోపలి నుంచి చీము వాసన, జ్వరం, పిక్కలో కొత్తగా వాపు, ఊపిరి ఆడకపోవడం ఉన్నా ఇదే మాట.

6. చెట్టెక్కే గౌడన్నకు, బీడీ తాగే బాపుకు

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో తాటిచెట్టు మీంచి పడిన మనిషి లేని ఊరు అరుదు. మోకు తెగో, ముత్తాదు జారో, వాన తడికి కాలు పట్టు తప్పో పడతారు. నడుము, తొడ, పిక్క ఎముకలు విరుగుతాయి. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మీకు ఇంకా అందకపోతే సంఘంలో అడగండి. అందితే దండేనికి తగిలించకుండా వాడండి.

పడ్డాక వచ్చే కష్టం వేరు. తాటిచెట్టు మీ కాలు అతికేదాకా ఆగదు. గీసే రోజుల్లో చెట్టు వదిలేస్తే ఆ ఏటి సంపాదన పోతుంది. అందుకని పట్టీ తీసిన వారానికే ‘గోలి ఏసుకుంటే నొప్పి తెల్వది’ అని మోకు కట్టుకునేవాళ్లున్నారు. గోలీ చేసే చేటు కంటే ఇది పెద్ద చేటు. నొప్పి తెలియకపోతే, ఇంకా పచ్చిగా ఉన్న అతుకు మీద ఎంత బరువు వేస్తున్నారో మీకు తెలియదు. మణికట్టు అతకడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. పిక్క ఎముకకు మూడు నాలుగు నెలలు, తొడ ఎముకకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. రాడ్ వేశారంటే అతికిందని కాదు, అతికేదాకా పట్టుకునేందుకు ఆసరా ఇచ్చారని. చెట్టు ఎప్పుడెక్కాలో ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాలి. నొప్పి లేకపోవడం దానికి గుర్తు కాదు.

ఇక బీడీ సంగతి. నొప్పి గోలీ గురించి ఇంత మథనపడే మనిషి రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చడం గురించి పట్టించుకోడు. పొగాకు విరిగిన చోటికి నెత్తురును తగ్గిస్తుంది, అతుకును ఆలస్యం చేస్తుంది. ఈ విషయంలో గోలీల మీద ఉన్నన్ని అనుమానాలు కూడా లేవు. అంబరు, జర్దా, గుట్కాల్లో ఉన్నదీ ఆ పొగాకే. బీడీ, అదుపులో లేని షుగర్, వారాల తరబడి నొప్పి గోలీలు, మూడూ ఒకే మనిషిలో కలిస్తే అతకని బొక్కకు అన్ని దారులూ తెరిచినట్టే. మొత్తం మానలేకపోతే కనీసం పట్టీ ఉన్నన్నాళ్లు ఆపండి.

కల్లు మీద కూడా ఒక మాట చెప్పకపోతే మన జిల్లాలో ఈ అధ్యాయం పూర్తికాదు. పారాసెటమాల్ పెద్ద మోతాదుల్లో వేసుకుంటూ రోజూ తాగితే కాలేయానికి ముప్పు. డైక్లోఫెనాక్ జాతితో కలిస్తే కడుపులో నెత్తురు కారే ముప్పు. తారులా నల్లగా విరేచనమైతే కల్లు వేడి చేసిందనుకోకండి, వెంటనే దవాఖానకు వెళ్లండి.

7. బీపీ, షుగర్, గుండె మందులు వాడుతున్నారా?

అయితే నొప్పి గోలీ రాయించుకునే ముందే డాక్టరుకు ఆ మాట చెప్పాలి. కొన్ని రకాల బీపీ మందులు, మూత్రం ఎక్కువ చేసే మందు, డైక్లోఫెనాక్ మూడూ కలిస్తే కిడ్నీలు కుదేలు కావచ్చు. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగే అరవయ్యేళ్ల మనిషికి మరీను. ఒక పిట్టకథ: మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. డైక్లోఫెనాక్ సూది వేసిన పశువులు చనిపోతే ఆ కళేబరాలు తిని, కిడ్నీలు పాడై పోయాయవి. అందుకే 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. మనిషి రాబందు కాడు, మన ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి ఎంతో ఎక్కువ. అయినా కిడ్నీల దగ్గర ఆ మందుతో ఆటలాడకూడదు.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటుంది. గుండెకు స్టెంటు వేయించుకున్న పెద్దాయన రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటాడు. ‘ఆస్పిరిన్ గూడ ఆ జాతిదేనట, బొక్క అతకది’ అని ఎవరో చెబితే ఆపేస్తాడు. అది చాలా ప్రమాదం. ఆ చిన్న మోతాదు నెత్తురు గడ్డకట్టకుండా ఉండడానికి ఇచ్చింది, నొప్పికి కాదు. గుండె డాక్టరు చెబితే తప్ప ఆపకండి.

గర్భిణులు అయిదో నెల దాటాక ఈ జాతి గోలీలు సొంతంగా ముట్టుకోవద్దు.

8. పిల్లల సంగతి

ఇక్కడ భయం తక్కువ. చెట్టుకొమ్మ మీంచో సైకిలు మీంచో పడి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లలకు ఐబుప్రొఫెన్ ఇస్తే ఎముక అతకడం ఆలస్యమైనట్టు ఇంతవరకు జరిగిన పరిశీలనల్లో తేలలేదు. పిల్లల ఎముకలు తొందరగా అతుకుతాయి కూడా. బరువును బట్టి డాక్టరు చెప్పినంత ఇవ్వండి, బిడ్డను ఏడిపించకండి. రెండు మినహాయింపులు: డెంగీ అనుమానం ఉన్న జ్వరముంటే ఐబుప్రొఫెన్ వద్దు, నిమెసులైడ్ అసలే వద్దు. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వడాన్ని 2011లోనే మన దేశంలో నిషేధించారు.

9. పసరు కట్టు కట్టించుకుంటే

చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు మన దాకా వినిపిస్తుంది. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. అలాంటి కట్లు కట్టేవాళ్లు మన చుట్టుపక్కలా ఉన్నారు. పక్కకు జరగని చిన్న పగులుకు ఆ కట్టు పని చేసినట్టు కనబడుతుంది, ఎందుకంటే బద్దలు ఎముకను కదలనివ్వవు. గాయం తెరుచుకుని ఎముక బయటికొచ్చినా, ఎముక వంకర తిరిగినా, కీలు దగ్గర విరిగినా అక్కడికి పోవద్దు. పోయినా ముందు ఎక్స్‌రే తీయించుకునే పోండి. కట్టు బిగిసి వేళ్లు నల్లబడుతుంటే ‘మందు పని చేస్తుంది’ అని ఓర్చుకోవద్దు, అయిదో సూచన మళ్లీ చదవండి.

విరిగిన చోట నూనె మర్దన, నొప్పి జెల్లు రుద్దడం కూడా వద్దు. చాలా జెల్లుల్లో ఉండేదీ డైక్లోఫెనాకే. ఒంట్లోకి పోయేది కొంచెమే గానీ, ఆ రుద్దుడికి అతుకు కదులుతుంది.

10. తినే తిండి, నాలుగు మాటలు

మేకకాళ్ల సూపు తాగితే బొక్క అతుకుతుందంటారు. తాగండి, నష్టం లేదు. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని ‘వంకాయ పనికిరాదు, గుడ్డు చీము పట్టిస్తుంది, పెరుగు నంజు’ అని మిగతావన్నీ మానేస్తే అతకాల్సిన ఎముకకు కూలి ఇవ్వనట్టే. రోజూ గుడ్డు, పాలో పెరుగో, పప్పు, ఆకుకూర తినండి. పొద్దున కాసేపు ఎండలో కూర్చోండి. కాల్షియం, విటమిన్ డి గోలీలు డాక్టరు రాస్తే వేసుకోండి. అవి నొప్పి గోలీలు కావు, వాటిని ఆపాల్సిన తొందర లేదు.

11. ఆరు వారాలైనా నొప్పి పోలేదా?

అప్పుడు నొప్పి మీకేదో చెబుతోంది. అతుకు ఆలస్యమవుతుండొచ్చు, రాడ్డో స్క్రూనో వదులై ఉండొచ్చు, లోపల చీము పట్టి ఉండొచ్చు. ఇవేవీ గోలీతో పోవు, ఎక్స్‌రేలో బయటపడతాయి. తొమ్మిది నెలలైనా ఎముక అతకక, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతే డాక్టర్లు దాన్ని నాన్‌యూనియన్ అంటారు. మళ్లీ ఆపరేషన్, తుంటి నుంచి ఎముక తీసి పెట్టడం అవసరం కావచ్చు. అందాకా రాకముందే మూడో నెలలో కనిపెడితే చేయగలిగింది చాలా ఉంటుంది. మూడో నెలలో నొప్పిని గోలీలతో అణచుకున్న మనిషి తొమ్మిదో నెలలో దవాఖానకు వస్తాడు.

ఎక్స్‌రే కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. జనగామలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది, వరంగల్‌లో ఎంజీఎం ఉంది. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అక్కడే అడగండి. రివ్యూకు పిలిచిన తారీఖును పొలం పని ఉందనో, బస్సు తప్పిందనో వాయిదా వేయకండి.

వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలతో పాటు మీరు వాడిన గోలీల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. ఊళ్లో వేయించుకున్న సూదుల పేర్లూ కాగితం మీద రాసుకోండి. డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టి చూపించండి, బీడీ సంగతితో సహా దాచకుండా చెప్పండి.